బొమ్మలమ్మ గుట్టకు పటం గీస్తున్నాం: కురిక్యాల ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి తర్వాత

పని ఇదీ: కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరున్న బొమ్మలమ్మ గుట్టకు, దాని చుట్టూ ఉన్న నేలకు ఒక పటం గీయాలి. బడి గోడ మీద, పిల్లలు చెయ్యి పెట్టి చూసుకునేంత పెద్దగా. బాటలు, బావులు, కుంటలు, సర్వే నంబర్లు అన్నీ అందులో రావాలి. వెయ్యేళ్ల కిందటి సంగతులు కూడా అదే గోడ మీద, వాటి వాటి చోట్లలోనే కనపడాలి. భూగోళం ఒక పుస్తకంలో, చరిత్ర ఇంకో పుస్తకంలో చదివే పిల్లలకు ఈ రెండూ ఒకే నేల మీద జరిగాయని తెలియాలి.

గుట్ట సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడనే జైనుడు ఈ గుట్ట దక్షిణపు బండ మీద జినుల (జైన తీర్థంకరుల) బొమ్మలు, చక్రేశ్వరి అనే జైన దేవత బొమ్మ చెక్కించి శాసనం వేయించాడు. కన్నడ ఆదికవి పంపడు ఇతనికి స్వయానా అన్న. అప్పుడు ఈ సీమను ఏలుతున్నవాడు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి, రాష్ట్రకూటులకు సామంతుడు. శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. చివరన ఉన్న తెలుగు పద్యాలు మూడు, మూడూ కందాలే. నన్నయ భారతం పదకొండో శతాబ్దానిది కాబట్టి, అంతకు దాదాపు వందేళ్ల ముందే ఇక్కడ కందం కొలతకు కుదిరి నిలబడి ఉందన్నమాట. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలో ఈ శాసనం పేరు గట్టిగా వినపడింది.

కందాల గురించి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ శాసనంలోనే ఈ ఊరి నేల గురించి ఒక పొడవాటి వాక్యం ఉంది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మా ప్రాజెక్టు మొత్తం ఆ వాక్యం మీదే నడుస్తోంది.

నక్షా చేతికొచ్చింది

ముందు ఊరి నక్షా, అంటే సర్కారు కొలిచి గీసిన భూముల పటం, సంపాదించాం. దాని నకలు మీద ట్రేసింగ్ కాగితం పరిచి వాగులు నీలం పెన్సిల్‌తో, బాటలు ఎర్ర పెన్సిల్‌తో ఎత్తి రాసుకున్నాం. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత, 19వ శతాబ్దం రెండో సగంలో, ఊళ్లను గొలుసు పట్టి కొలవడం మొదలైంది. ఇప్పటికీ భూమి లెక్క ఆ గొలుసు లెక్కే. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. అటువంటివి 40 అయితే ఎకరం.

ఇది నోటితో చెబితే పిల్లలకు ఎక్కదు. నైలాన్ తాడు తెచ్చి 33 అడుగులకు ఒక ముడి చొప్పున నాలుగు ముడులు వేయించి, బడి మైదానంలో నాలుగు మూలలకూ నలుగురిని నిలబెట్టాం. తాడు బిగిసేసరికి గుంట కళ్ల ముందు నిలిచింది. "మా చెల్క పద్దెనిమిది గుంటలు సార్, అంటే గిసొంటియి పద్దెనిమిదా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆ తర్వాత నక్షాలో ఏ సర్వే నంబరు చూపించినా వాళ్లే అంచనా కట్టడం మొదలుపెట్టారు.

పాత పహాణీలు, అంటే ఊరి భూముల లెక్క పుస్తకాలు, దొరికినంతవరకు చూశాం. తరి (నీటి సాగు నేల) ఎంత, ఖుష్కి (వాన మీదే ఆధారపడే నేల) ఎంత, శిఖం ఎంత అన్నవి గీతలు గీసుకుని రాసుకున్నాం. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది శిఖం. చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే నేల అది. చెరువు ఎండి, కట్ట తెగి, మోదుగు చెట్లు మొలిచిపోయినా పహాణీలో శిఖం అన్న మాట మిగిలే ఉంటుంది. నీళ్లు ఒకప్పుడు ఎంతవరకు వచ్చేవో చెప్పే సాక్ష్యం అదొక్కటే అయిన చోట్లు ఉన్నాయి. పటంలో శిఖం భూములన్నిటికీ, ఇప్పుడు అక్కడ ఏం ఉన్నా సరే, లేత నీలం గీతలు పెట్టాలని అప్పుడే తేల్చుకున్నాం.

పెద్ద హద్దుల సంగతి త్వరగా ముగిసింది. ఒకప్పుడు ఈ జిల్లాకు ఎలగందుల పేరు. 1905లో కరీంనగర్ జిల్లా కేంద్రమైంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు వేములవాడ రాజన్న సిరిసిల్లలోకి, పక్కనున్న కొండగట్టు జగిత్యాలలోకి పోయాయి. గుట్ట మాత్రం కరీంనగర్‌లో ఉండిపోయింది. అరికేసరి రాజధాని ఇప్పుడు పక్క జిల్లా. ఈ హద్దులన్నీ గోడ మీద ఒక మూలన చిన్న పటంగా వస్తే చాలు.

శాసనం చెప్పిన చిరునామా

ఇక ఆ వాక్యం. శాసనంలో కన్నడం భాగంలో ఉంది. దాని వరుస ఇట్లా సాగుతుంది: సబ్బినాడు అనే సీమ నట్టనడుమ, ధర్మవురానికి ఉత్తర దిక్కున, వృషభగిరి అనే తీర్థానికి దక్షిణ భాగంలో, ఈ సిద్ధశిల మీద మొదటి జినుడి బింబాన్ని, చివరి జినుడి బింబాన్ని, చక్రేశ్వరిని, ఇంకా ఇతర జిన ప్రతిమలను చేయించాడు, త్రిభువనతిలకమనే బసదిని (జైన గుడిని), కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను చేయించాడు.

దీన్ని నల్లబల్ల మీద ముక్కలు చేసి రాశాం. నాడు, ఊరు, దిక్కు, గుట్ట, గుట్టలో మళ్లీ దిక్కు, ఆఖరికి బండ. పెద్ద దాంట్లోంచి చిన్న దాంట్లోకి దిగుతూ వచ్చి చేత్తో తాకే రాయి దగ్గర ఆగింది. మనం జాబు మీద ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా అని రాసే వరుసనే ఇది తిరగేసి చెప్పింది. బండ దగ్గర ఆగాక మళ్లీ బయటికి అడుగు వేసి గుడి, చెరువు, తోట చూపించింది. ఈ ఊరి నేలకు ఇంతకన్నా పాత వర్ణన నేను చూడలేదు. మా గోడ పటానికి వరుస కూడా దీని నుంచే తీసుకున్నాం: ముందు గుట్ట, తర్వాత దక్షిణ వాలు, తర్వాత నీళ్లు, చివర చెట్లు.

ధర్మవురం ఊరికే వచ్చిన పేరు కాదు. విక్రమార్జున విజయం రాసినందుకు అరికేసరి పంపడికి ఇచ్చిన అగ్రహారం అది. కవితాగుణార్ణవుడన్నది పంపడి బిరుదు. తమ్ముడు తవ్వించిన చెరువుకు అన్న బిరుదు పేరు పెట్టాడు! ఆ రోజుల్లో చెరువుకు రాజు పేరో రాణి పేరో పెట్టడం మామూలు. కవి పేరున చెరువు ఉండడం, దాని కింద పొలాలు పండడం, ఆ నీళ్లతో తోట పెరగడం నాకు ఎంతో గొప్పగా తోచింది. పిల్లలకు చెప్పినప్పుడు ఒక అమ్మాయి అడిగింది, "సార్, అన్న అంటే గంత పానమా ఆయనకు?" అని. శాసనమంతా అదే ప్రేమతో నడుస్తుందని చెప్పాను.

ఇంటివాళ్ల జాడ కూడా అందులోనే ఉంది. తండ్రి భీమపయ్య, వేంగినాటి మూలాలున్నవాడు. తల్లి అబ్బణబ్బె, అణ్ణిగేరికి చెందిన జోయిస సింగన మనుమరాలో కూతురో అన్నంత దగ్గరి ఇంటి పిల్ల. అణ్ణిగేరి ఈనాటి ధార్వాడ జిల్లాలో ఉంది. తూర్పు తీరం నుంచి ఒక దారి, పడమటి నుంచి ఇంకో దారి వచ్చి ఈ గుట్ట కింద కలిశాయి. కన్నడం, తెలుగు ఒకే బండ మీదికి ఎట్లా వచ్చాయని అడిగితే ఈ ఇల్లే జవాబు. మూలన పెట్టిన చిన్న పటంలో ఆ రెండు దారులనూ చుక్కల గీతలతో వేశాం.

మే మొదటి వారం, బండ దగ్గర

అక్షరాలను ఫొటో తీయాలి. ఒక నియమం ముందే పెట్టుకున్నాం: బండను ముట్టేది లేదు. సుద్ద పొడి, పసుపు, నూనె, నీళ్లు ఏవీ పూయకూడదు. అక్షరం బాగా కనపడాలని సుద్ద రుద్దితే రుద్దినవాడికి కనపడాలనుకున్న అక్షరమే కనపడుతుంది, రాయి కూడా అరుగుతుంది. కాగితం తడిపి అద్ది ముద్ర తీయడం శాసనాలు చదివే పురావస్తు శాఖవాళ్ల పని. మన పని వెలుతురుతో సరిపెట్టుకోవడం.

చెక్కిన అక్షరం చదవాలంటే ఎండ ఎదురుగా పడకూడదు. పక్క నుంచో పై నుంచో రాసుకుంటూ పోవాలి. అప్పుడు గాడిలో నీడ నిలుస్తుంది. ఇక్కడే ఈ చోటు భూగోళం మాకు సాయం చేసింది. గుట్ట ఉన్నది దాదాపు 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత జూలై ఆఖరు దాకా మధ్యాహ్నప్పుడు ఉత్తరానికి జరిగి ఉంటాడు కాబట్టి దక్షిణం చూసే బండ ఆ వేళకు నీడలోనే ఉంటుంది. నడినెత్తికి రావడానికి కాస్త ముందు, మే మొదటి వారంలో, ఎండ బండ పైఅంచు మీదుగా కిందికి గీసుకుంటూ దిగుతుంది. గడియారంలో 12 గంటల 10 నిమిషాల ప్రాంతం. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమట 79 దగ్గర ఉన్నాం, ఆ తేడాకు పద్నాలుగు నిమిషాలు. మే మొదట్లో సూర్యుడు గడియారం కన్నా మూడు నాలుగు నిమిషాలు ముందుంటాడు, అవి తీసేస్తే ఆ పది నిమిషాలు.

ఆ కాసేపు చూడాల్సిందే. అంతవరకు గరుకు రాయిలా ఉన్న చోట పై నుంచి ఒక్కో వరుస లేచి నిలబడింది. ముందు అడ్డగీతలకు నీడ పట్టింది, తలకట్లు తేలాయి. నిలువు గాట్లు ఆలస్యంగా, సన్నగా వచ్చాయి. వాటికి పక్క వెలుతురు కావాలి, అందుకే ఉదయం ఎండకు తీసిన ఫొటోలను వీటి పక్కన పెట్టుకున్నాం. రెండూ కలిపి చూస్తే "జినవల్లభు" అన్న చోట "ల్ల" ఒత్తు వంకర స్పష్టంగా పట్టుబడింది. ఆ కందం చివరి పాదం "జినవల్లభుఁ బోలఁగలరె జినధర్మపరుల్" అని నోటికి వచ్చిన పిల్లలే బండ మీద అది ఎక్కడుందో వేలు తాకించకుండా చూపించారు.

బొమ్మల దగ్గర పసుపు కుంకుమలు ఉన్నాయి. చక్రేశ్వరే ఊరివాళ్లకు బొమ్మలమ్మ. ఒక ముసలమ్మ మా సరంజామా చూసి, "ఏం కొలుస్తున్నరు బిడ్డా, అమ్మ జోలికి పోకుండ్రి" అంది. పటం గురించి చెప్పాను. "గట్లయితే అమ్మను మంచిగ పెద్దగ గీయుండ్రి, కిందవడేయకుండ్రి" అంది. గోడ మీద చక్రేశ్వరి, బొమ్మలమ్మ రెండు పేర్లూ సమానమైన అక్షరాలతో రాస్తున్నాం. జైనం ఈ నేలలో సన్నగిల్లి కొన్ని వందల ఏళ్లయినా ఆ బొమ్మలు ముక్కలు కాకుండా మిగలడానికి ఇట్లా మొక్కే చేతులే కారణమని నా నమ్మకం.

మిరుగు (మృగశిర కార్తె) తర్వాత

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో ఎత్తు గీతల మధ్య దూరం మామూలుగా 20 మీటర్లు. గుట్ట ఉందని చెప్పడానికి అది చాలు. నీళ్లు ఎటు దిగుతాయో తేల్చుకోవడానికి చాలదు. ఫోను జీపీఎస్ అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది, ఎత్తు విషయంలో ఇంకా నమ్మలేం. అందుకని బండనే చదవడం మొదలుపెట్టాం.

ఎండాకాలంలో చూసినా బోడి బండ మీద నల్లటి చారలు నిలువుగా దిగుతూ ఉంటాయి. వాన నీళ్లు ఏటా అదే దారిన పారేచోట కంటికి కనపడనంత చిన్న నాచు పట్టి, ఎండి నల్లబడతాయి. చార ఉందంటే నీళ్ల దారి ఉన్నట్టే. కింద నిలబడి ఆ చారలను ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కించాం. గొర్లు మేపే తాత ఒకాయన వచ్చి చూసి, "గీతలెందుకు బిడ్డా, గొర్లనడుగు. గా నల్లచారల కింద గడ్డి ముందుగాల మొలుస్తది, మందంతా గాడికే ఉరుకుతది" అన్నాడు. మిరుగు వానలు పడ్డాక వెళ్లి చూస్తే ఆయన చెప్పిన చోట్లనే పచ్చబడింది. మేం గీసిన చారల కిందనే ఆ పచ్చదనం కూడా గుర్తు పెట్టాం. తాతను అడిగి మంద నడిచే బాటలు కూడా పటంలోకి ఎక్కించాం, అవి ఏ నక్షాలోనూ లేవు.

బోడి బండ మీద పడిన వాన ఇంకదు, వెంటనే దూకుతుంది. చిన్న వానకు కూడా గుట్ట అడుగున నీళ్లు చేరతాయి. అందుకే తెలంగాణలో పాతకాలంవాళ్లు గుట్టల పాదాల దగ్గర కుంటలు కట్టారు. పై కుంట నిండి మత్తడి దూకితే కింది కుంటకు, అది నిండితే ఊర చెరువుకు. జినవల్లభుడు బసదితో పాటు చెరువు, చెరువుతో పాటు తోట పెట్టించడం వెనక ఉన్నది ఈ లెక్కే. బొమ్మలు చెక్కిన గుట్టే చెరువుకు నీళ్లిచ్చింది. శాసనం ఈ మూడింటినీ ఒకే ఊపిరిలో చెప్పడం నాకు అందుకే సబబుగా అనిపిస్తుంది.

శాసనం దిక్కు చెప్పింది, అడుగుల లెక్క చెప్పలేదు. కాబట్టి గోడ మీద కవితాగుణార్ణవానికి ఒక చుక్క పెట్టి ఇదే అనడం లేదు. దక్షిణ వాలు పొడవునా, నీళ్ల దారులు కలిసే మేరకు, పేరును పెద్ద అక్షరాలతో సాగదీసి రాస్తున్నాం. త్రిభువనతిలకం, మదనవిలాసం కూడా అంతే.

ఈనాటి నీళ్లకు వేరే రంగు. మండలంలోంచి వరద కాలువ పోతుంది. 2019 నుంచి రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర భూమిలోపలి పంపుహౌస్ గోదావరి నీళ్లను ఎత్తి ఈ కాలువలో పోస్తోంది. ఒక్కో మోటారు 139 మెగావాట్లది. 945లో గుట్ట మీది వాన గోదావరికి పోయేది, ఇప్పుడు గోదావరి ఎదురెక్కి గుట్ట దగ్గరికి వస్తోంది. ఈ రెండు బాణాలూ పటంలో ఎదురెదురుగా కనపడుతుంటే పిల్లలు చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు.

క్వారీల సంగతి

దీన్ని పటంలో పెట్టాలా వద్దా అని మాలో మాకు వాదన జరిగింది. పెట్టాలనే తేలింది.

కరీంనగర్ గ్రానైట్‌కు ప్రపంచమంతా గిరాకీ ఉంది. టాన్ బ్రౌన్ అని పిలిచే ఎర్రగోధుమ రంగు రాయి ఇక్కడిదే. ఈ రాయి పుట్టి సుమారు 250 కోట్ల ఏళ్లు. డ్రిల్లుతో వరసగా రంధ్రాలు వేసి, వజ్రపు ముక్కలు పొదిగిన తీగతో కోసి, బండను పెద్ద దిమ్మలుగా చేసి రేవులకు పంపుతారు. దిమ్మ లేచిపోయిన చోట నిలువు గోడల గొయ్యి మిగులుతుంది. వాన నీళ్లు దాంట్లోనే నిలిచిపోతాయి, కిందికి దిగవు. నల్లచార తెగిందంటే దాని కింది కుంటకు ఆ దారి మూసుకుపోయినట్టే. బొమ్మలమ్మ గుట్టకు క్వారీల ముప్పు గురించి చరిత్ర తెలిసినవాళ్లు, ఊరివాళ్లు ఎన్నోసార్లు గొంతెత్తారు. శాసనం ఉన్న బండ ఒక్కదాన్ని కంచె వేసి కాపాడి చుట్టూ ఉన్నది కోసుకుంటే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. శాసనమే గుట్టను, చెరువును, తోటను కలిపి చెప్పింది. కాపాడవలసిన హద్దు ఎంతో అందులోనే ఉంది. నీళ్లు దిగే వాలు మొత్తం ఆ హద్దులోకి రావాలి.

చుట్టుపక్కల శివారులో ఉన్న గోతులను బూడిద రంగుతో వేస్తున్నాం. క్వారీ పనికి పోయే ఇళ్ల పిల్లలు కూడా మా జట్టులో ఉన్నారు. గొయ్యి ఎంత లోతో, ఏ పక్క రాయి లేచిందో వాళ్లకే బాగా తెలుసు, కొలతలు రాయించింది వాళ్లే. వాళ్ల ఇళ్ల బతుకును తక్కువ చేసే మాట ఒక్కటి కూడా గోడ మీద ఉండదు.

బతుకమ్మకు ముందు, గోడ మీద

గోడకు సున్నం కొట్టి ఆరనిచ్చాం. 10 సెంటీమీటర్లకు ఒక గడి చొప్పున దారం రంగులో ముంచి, బిగబట్టి వదిలి గీతలు కొట్టాం. ఒక గడి అంటే నేల మీద 250 మీటర్లు. కాగితం మీద కూడా అవే గడులు ఉన్నాయి కాబట్టి ఒక్కో పిల్లవాడికి కొన్ని గడులు పంచి, ఆ గడిలో ఉన్నది మాత్రమే గీయమన్నాం. పక్క గడివాడి వాగు తన గడిలోకి ఎక్కడ ప్రవేశిస్తుందో చూసుకోవడానికి ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పలేదు. కలవని చోట ఇద్దరూ కలిసి ఆ తావుకు పోయి చూసి వచ్చారు.

రంగులు: ఇప్పటి నీళ్లకు ముదురు నీలం, శిఖానికి లేత నీలం, గోతులకు బూడిద, శాసనంలో ఉన్నవాటన్నిటికీ జాజు. ఇళ్ల గోడలకు పూసే ఎర్రమన్నే కాబట్టి వెలిస్తే మళ్లీ పూసుకోవచ్చు, ఎవరినీ అడగాల్సిన పని లేదు. తంగేడు, గునుగు ఎక్కడ దట్టంగా పూస్తాయో బతుకమ్మకు పువ్వు తెచ్చే ఆడపిల్లలు చెప్పారు. అవి కూడా పసుపు, తెలుపు చుక్కలుగా పడ్డాయి.

ఇప్పటికి గుట్ట, దక్షిణ వాలు, నీళ్ల దారులు, ఊరికి వచ్చే బాటలు పూర్తయ్యాయి. ఎవరైనా దిద్దగలిగే ఇంటర్నెట్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కుంటలకు తెలుగు పేర్లు ఎక్కించడం సగం అయింది. మిగిలింది ఉత్తరపు వైపు. అక్కడి చెల్కల పేర్లు పహాణీలో ఒకటి, జనం నోట్లో ఒకటి ఉన్నాయి, రెండూ రాయడానికి గడులు సరిపోవడం లేదు. ఆ పక్క పొలాలున్న రైతులను ఆదివారం బడికి రమ్మన్నాం. ఎవరి గడి ముందు వాళ్లను నిలబెట్టి, వాళ్లు చెప్పిన పేరే సుద్దతో రాసి, తర్వాత రంగు వేస్తాం.